గున్‌పే యొకోయి: ఫ్యాక్టరీలో మెషిన్లు రిపేర్ చేసే ఉద్యోగి.. గేమ్ బాయ్ సృష్టికర్త ఎలా అయ్యారంటే?

గేమింగ్ ఇండస్ట్రీలో జాబ్ కొట్టాలంటే ఏం చదవాలి? ఏ కోర్సు చేయాలి? ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి? ఇంటర్, బీటెక్ పిల్లలున్న చాలా ఇళ్లల్లో ఇప్పుడు ఈ డిస్కషన్ నడుస్తోంది. అయితే అసలు గేమింగ్ ఇండస్ట్రీ అనేదే లేని రోజుల్లో అందులో 30 ఏళ్ల కెరీర్ నిర్మించుకున్న మనిషి ఒకరున్నారు. ఆయన డిజైనర్‌గా చేరలేదు, ప్రోగ్రామర్‌గా అసలే కాదు. పేకముక్కలు తయారు చేసే మెషిన్లు ఆగిపోకుండా చూసుకోవడం.. ఇదీ ఆయన మొదటి ఉద్యోగం. పేరు గున్‌పే యొకోయి.

1941 సెప్టెంబర్ 10న జపాన్‌లోని క్యోటోలో పుట్టారు. అక్కడి దోషిషా యూనివర్సిటీలో ఎలక్ట్రానిక్స్ చదివారు. మార్కులు అంతంతమాత్రమే. క్లాస్‌మేట్స్ పెద్ద పెద్ద ఎలక్ట్రానిక్స్ కంపెనీల్లో సెటిల్ అవుతుంటే, ఈయనకు మాత్రం వెళ్లిన చోటల్లా రిజెక్షనే ఎదురైంది. చివరికి సొంత ఊళ్లోనే ఉన్న ఓ కంపెనీ పిలిచింది. 1889 నుంచి హనఫుడ అనే పూల బొమ్మల పేకముక్కలు చేస్తున్న పాత కంపెనీ అది. దాని పేరు నింటెండో. ఇప్పుడంటే ఆ పేరు వింటే కుర్రాళ్లు ఎగిరి గంతేస్తారు కానీ, 1965లో ఓ ఎలక్ట్రానిక్స్ గ్రాడ్యుయేట్‌కు అది గొప్పగా చెప్పుకునే ఉద్యోగమేం కాదు. ఇంటికి దగ్గర, అంతే.

ఖాళీ టైమ్‌లో చేసిన బొమ్మ.. లైఫ్‌నే మార్చేసింది

మెషిన్లు రోజూ చెడిపోవు కదా. పని లేనప్పుడు యొకోయి ఫ్యాక్టరీలో ఉన్న సామానుతోనే ఏదో ఒకటి తయారు చేస్తూ ఉండేవారు. అలా ఓసారి కత్తెరలా ముడుచుకుని, నొక్కితే ముందుకు సాగే చెయ్యి ఒకటి చేశారు. దాంతో ఆడుకుంటుండగా సరిగ్గా కంపెనీ ప్రెసిడెంట్ హిరోషి యమౌచి కంటపడ్డారు. కాసేపటికి ఆఫీస్ రూమ్‌కు రమ్మని కబురొచ్చింది. డ్యూటీ టైమ్‌లో ఆటలా అని చీవాట్లు పడటం ఖాయం అనుకుంటూనే లోపలికెళ్లారు. తీరా చూస్తే సీన్ రివర్స్. దాన్ని మార్కెట్లోకి తెచ్చే బొమ్మగా తయారు చేయమన్నారు యమౌచి. 1966లో అల్ట్రా హ్యాండ్ పేరుతో అది షాపుల్లోకి వచ్చింది. 10 లక్షలకు పైగా అమ్ముడుపోయింది. మెయింటెనెన్స్ ఉద్యోగి కాస్తా బొమ్మల డిజైనర్ అయిపోయారు.

ఆ తర్వాత వరసగా వచ్చినవి చూస్తే ఆయన బుర్ర ఎలా పనిచేసేదో అర్థమవుతుంది. 1969లో లవ్ టెస్టర్ వచ్చింది. అమ్మాయి, అబ్బాయి చేతులు పట్టుకుని చెరో సెన్సార్ పట్టుకుంటే ప్రేమ ఎంతుందో ముల్లు చూపించే మెషిన్. లోపల ఉన్నది ఒంట్లోంచి వెళ్లే సన్నటి కరెంట్‌ను కొలిచే మామూలు మీటరే. ప్రేమ సంగతి పక్కన పెడితే, చేతులు పట్టుకోవడానికి అదో సాకు అన్నమాట! 1972లో లెఫ్టీ ఆర్‌ఎక్స్ అనే రిమోట్ కారు చేశారు. అప్పట్లో రిమోట్ కార్లు మామూలు పిల్లలు కొనే రేటులో ఉండేవి కావు. ఈయన ఏం చేశారంటే.. కుడివైపు తిరిగే ఏర్పాటే తీసేశారు. కారు నేరుగా వెళ్తుంది, లేదంటే ఎడమకు తిరుగుతుంది. రేసు ట్రాక్ మీద గుండ్రంగా తిరగడానికి అది సరిపోదా? ఖర్చు ఒక్కసారిగా పడిపోయింది.

సోలార్ సెల్స్ విషయంలోనూ అంతే. వాటిని అమ్మడానికి షార్ప్ కంపెనీ నుంచి మసయుకి ఉయెమురా అనే ఇంజినీర్ నింటెండోకు వచ్చారు. కరెంట్ తయారు చేసే ఆ సెల్‌ను వెలుగు పడితే గుర్తుపట్టే టార్గెట్‌గా వాడొచ్చని యొకోయికి తట్టింది. అలా లైట్ గన్ బొమ్మలు పుట్టాయి. ఆ ఉయెమురా తర్వాత నింటెండోలోనే చేరి ఫామికామ్ కన్సోల్ డిజైన్ చేశారు. 90ల్లో మన దగ్గర టీవీకి తగిలించి ఆడిన వీడియో గేమ్స్ గుర్తున్నాయా? వాటిలో చాలావరకు ఆ ఫామికామ్‌కు నకళ్లే. గన్ పెట్టి స్క్రీన్ మీద బాతుల్ని కాల్చిన వాళ్లు, తెలియకుండానే యొకోయి ఐడియాతో ఆడుకున్నట్టే.

అన్నీ హిట్లే అనుకుంటే పొరపాటు. మూతపడిన బౌలింగ్ హాళ్లలో పెట్టేలా 1973లో పెద్ద లేజర్ షూటింగ్ సెటప్ తెచ్చారు. సరిగ్గా అప్పుడే ఆయిల్ సంక్షోభం వచ్చింది. ఆర్డర్లు క్యాన్సిల్ అయ్యాయి. నింటెండో అప్పుల్లో కూరుకుపోయింది.

బుల్లెట్ ట్రైన్‌లో క్యాలిక్యులేటర్.. కారులో ఐడియా

ఆ అప్పుల నుంచి కంపెనీని బయటపడేసింది కూడా యొకోయినే. ఓరోజు షింకన్‌సెన్ ట్రైన్‌లో వెళ్తుంటే, ఓ ఆఫీసు ఉద్యోగి బోర్ కొట్టి క్యాలిక్యులేటర్ బటన్లు నొక్కుకుంటూ కనిపించాడు. జేబులో పట్టేంత చిన్నది, ఎవరికీ కనపడకుండా పెద్దవాళ్లు కూడా ఆడుకునే గేమ్ ఉంటే ఎలా ఉంటుందనే ఆలోచన అక్కడే మొదలైంది. కొన్నాళ్లకు ప్రెసిడెంట్ గారి డ్రైవర్‌కు ఒంట్లో బాగోలేదు. ఆయనది లెఫ్ట్ హ్యాండ్ డ్రైవ్ కాడిలాక్. అలాంటి కారు నడపడం అలవాటున్న యొకోయికి స్టీరింగ్ అప్పగించారు. దారిలో ఊరికే కూర్చోవడం ఎందుకని యొకోయి ఆ గేమ్ సంగతి చెప్పారు. యమౌచి ఊ కొట్టారే తప్ప పెద్దగా పట్టించుకున్నట్టు కనిపించలేదు. అయితే ఆ రోజు వెళ్లిన మీటింగ్‌లో ఆయన పక్కన కూర్చున్నది క్యాలిక్యులేటర్లు చేసే షార్ప్ కంపెనీ ప్రెసిడెంట్. వారం తిరిగేసరికి షార్ప్ పెద్దలు నింటెండో గుమ్మంలో ఉన్నారు!

1980 ఏప్రిల్‌లో గేమ్ అండ్ వాచ్ వచ్చింది. ఆ సిరీస్ మొత్తం 4.3 కోట్లకు పైగా అమ్ముడైంది. కంపెనీ అప్పులు తీరిపోయాయి. 1982లో ఈ సిరీస్‌లోనే డాంకీ కాంగ్ గేమ్ కోసం జాయ్‌స్టిక్ బదులు ప్లస్ గుర్తు ఆకారంలో ఓ బటన్ పెట్టారు. ఎందుకంటే మడిచి జేబులో పెట్టుకునే గేమ్‌కు పైకి పొడుచుకొచ్చే కర్ర పనికిరాదు. ఆ ప్లస్ బటన్ ఇవాళ్టికీ గేమ్ కంట్రోలర్ల మీద ఎడమ బొటనవేలి కింద కనిపిస్తూనే ఉంది.

ఇంకో ముఖ్యమైన విషయం. 1981లో అమెరికాలో అమ్ముడుపోకుండా మిగిలిపోయిన మెషిన్ల కోసం కొత్త గేమ్ చేసే బాధ్యతను, అప్పటిదాకా గేమ్ డిజైన్ చేయని ఓ యంగ్ ఆర్టిస్ట్‌కు ఇచ్చింది కంపెనీ. ఆయనే షిగెరు మియామోటో. పైన ఉండి చూసుకున్న సీనియర్ యొకోయి. అందులోంచే డాంకీ కాంగ్, మారియో పుట్టారు. మియామోటో పేరు ప్రపంచమంతా తెలుసు. ఆ కుర్రాడి పక్కన నిలబడిన సీనియర్ పేరు మాత్రం గేమర్లలో కూడా కొందరికే తెలుసు. ఇది రాస్తున్న నాక్కూడా కాలేజీ అయ్యేదాకా తెలియదు.

కలర్ స్క్రీన్ వద్దన్న మొండి మనిషి

యొకోయిది ఒకటే లెక్క. కొత్త టెక్నాలజీ వెంట పరిగెత్తకూడదు. అందరూ వాడి వాడి పాతబడి, చవగ్గా దొరికే దాన్ని తీసుకుని ఎవరూ ఊహించని పనికి వాడాలి. దీనికి అసలైన పరీక్ష గేమ్ బాయ్.

ఆ కథ మొదట్లోనే ఆగిపోయేది. షార్ప్ ఇచ్చిన స్క్రీన్ ఎదురుగా చూస్తే బాగానే కనిపించేది. కానీ యమౌచి చేతికిచ్చినప్పుడు ఆయన కాస్త పక్క నుంచి చూశారు. బొమ్మ కనిపించలేదు. ఇలాంటిది అమ్మలేం, ఆపేయండని తేల్చేశారు. అప్పటికే ఈ స్క్రీన్ల కోసం షార్ప్ భారీగా పెట్టుబడి పెట్టింది. యొకోయి బాగా కుంగిపోయారు. చివరికి పక్క నుంచి కూడా కనిపించే వేరే రకం ఎల్‌సీడీ దొరకడంతో గండం గట్టెక్కింది. ఈ మెషిన్ వెనుక ఆయన టీమ్ ఇంజినీర్ సతోరు ఒకడా కష్టం కూడా చాలా ఉంది.

1989 ఏప్రిల్ 21న 12,500 యెన్లకు గేమ్ బాయ్ రిలీజైంది. పచ్చటి స్క్రీన్, నాలుగే షేడ్లు. పోటీగా అటారీ లింక్స్, సెగా గేమ్ గేర్ కలర్‌లో వచ్చాయి. పోటీ మెషిన్ వస్తోందని టీమ్ కంగారు పడితే, యొకోయి కనుక్కోమన్నది ఒక్కటే.. అది కలరా కాదా అని. కలర్ అని తెలియగానే ఆయన కూల్ అయిపోయారు. కారణం సింపుల్. ఆ మెషిన్లు 6 పెన్సిల్ సెల్స్‌ను మూడు నుంచి ఐదు గంటల్లో ఖాళీ చేసేవి. గేమ్ బాయ్ 4 సెల్స్‌తో 15 గంటలకు పైనే నడిచేది. సెల్స్ కొనడానికి ఇంట్లో డబ్బులడిగే పిల్లాడికి ఏది కావాలో వేరే చెప్పాలా? తర్వాత వచ్చిన గేమ్ బాయ్ కలర్‌తో కలిపి మొత్తం 11.8 కోట్లకు పైగా అమ్ముడయ్యాయి. రెండు మెషిన్లను కలిపే కేబుల్ చూసి సతోషి తజిరి అనే గేమ్ డిజైనర్‌కు వచ్చిన ఊహే పోకెమాన్.

తర్వాతి అడుగు తడబడింది. 1995 జులైలో వర్చువల్ బాయ్ వచ్చింది. టేబుల్ మీద పెట్టి కళ్లు ఆనించి చూడాలి. నల్లటి తెర మీద ఎర్రటి గీతల త్రీడీ బొమ్మలు. తలనొప్పి, కళ్లు లాగడం.. ఇవే కంప్లైంట్లు. దాదాపు 7.7 లక్షలే అమ్ముడైంది. జపాన్‌లో ఆ ఏడాది చివరికే కథ ముగిసింది. విచిత్రం ఏంటంటే, జేబులో పట్టే గేమ్స్‌తో గెలిచిన మనిషి, ఎక్కడికీ పట్టుకెళ్లలేని మెషిన్‌తో ఓడిపోయారు.

పోతూ పోతూ గేమ్ బాయ్ పాకెట్ పూర్తి చేసి, 1996 ఆగస్ట్ 15న నింటెండోకు రాజీనామా చేశారు. 31 ఏళ్ల సర్వీస్. ఫెయిల్యూర్ వల్లే పంపించేశారని వార్తలు గుప్పుమన్నాయి. అది కారణం కాదని, సొంతంగా పనిచేయాలని ఎప్పటి నుంచో అనుకుంటున్నానని ఓ మ్యాగజైన్‌లో వ్యాసం రాసి మరీ ఆయన ఖండించారు. 55 ఏళ్ల వయసులో క్యోటోలోనే కోటో అనే చిన్న కంపెనీ పెట్టుకున్నారు. బాండాయ్ కోసం కొత్త హ్యాండ్‌హెల్డ్ మీద పని మొదలుపెట్టారు. పోటీ ఎవరితోనో తెలుసా? తన గేమ్ బాయ్‌తోనే!

1997 అక్టోబర్ 4. ఇషికవా ప్రాంతంలోని హొకురికు ఎక్స్‌ప్రెస్‌వే మీద ఆయన ప్రయాణిస్తున్న కారు ముందు వెళ్తున్న ట్రక్కును ఢీకొట్టింది. ఏమైందో చూద్దామని కిందికి దిగారు. వెనుక నుంచి వచ్చిన మరో కారు ఆయన్ను గుద్దేసింది. 56 ఏళ్లకే యొకోయి కన్నుమూశారు.

బాండాయ్ హ్యాండ్‌హెల్డ్ 1999 మార్చి 4న వండర్‌స్వాన్ పేరుతో విడుదలైంది. ధర 4,800 యెన్లు. కలర్ స్క్రీన్ లేదు. ఒకే ఒక్క పెన్సిల్ సెల్ వేస్తే చాలు. అదే రోజు దాంతో పాటు ఆయన టీమ్ చేసిన ఓ పజిల్ గేమ్ కూడా వచ్చింది. దానికి గున్‌పే అనే పేరు పెట్టారు.