కాఫీ బోర్డు కార్మికులూ, ఏ.కె. గోపాలనూ

ఏ.కె. గోపాలన్ అంటే మన పాత కార్యకర్తలకు రైతు సంఘం నాయకుడు, పార్లమెంటులో పేదల గొంతు. కాఫీ హౌసుల కార్మికులకు ఆయన అండగా నిలబడ్డ సంగతి మాత్రం మన కూలీల్లో చాలామందికి తెలీదు. సర్కారు బోర్డుల చుట్టూ తిరిగే మనం ఆ కథ తెలుసుకుని తీరాలి.

ఉత్తర మలబారులో కన్ననూరు దగ్గర 1904 అక్టోబరు 1న గోపాలన్ పుట్టారు. కొన్నేళ్లు బడిపంతులుగా పనిచేశారు. 1930లో ఉప్పు సత్యాగ్రహం చేసి జైలుకెళ్లారు. గుడి తలుపులు అన్ని కులాలకూ తెరవాలని 1931లో గురువాయూరులో సాగిన సత్యాగ్రహంలో వాలంటీర్ల కెప్టెనుగా నిలబడి దెబ్బలు తిన్నారు. 1936లో ఆకలి యాత్ర దళాన్ని మలబారు నుంచి మద్రాసు దాకా కాలినడకన నడిపించారు. యుద్ధకాలంలో వెల్లూరు జైలు గోడకు కన్నం పెట్టి బయటపడి అజ్ఞాతంలో పనిచేశారు. 1947 ఆగస్టు 15న దేశమంతా జెండా ఎగరేస్తుంటే ఆయన జైల్లోనే ఉన్నారు. 1952లో కన్ననూరు జనం ఆయన్ని లోక్‌సభకు పంపారు.

ఇక కాఫీ బోర్డు సంగతి. దేశంలో కాఫీ తాగే అలవాటు పెంచి సరుకు అమ్మించాలని 1935లో కాఫీ సెస్సు కమిటీ పెట్టారు. ఆ కమిటీయే 1936లో బొంబాయిలో మొదటి కాఫీ హౌసు తెరిచింది. తర్వాత యుద్ధం వచ్చి ఐరోపా మార్కెట్టు మూతబడింది. తోటల యజమానులు దిక్కుతోచక సర్కారు వైపు చూశారు. 1942లో కాఫీ చట్టం వచ్చింది. పండిన గింజంతా బోర్డు పూలుకు అప్పగించాలి. బోర్డు దాన్ని వేలం వేసి, వచ్చిన సొమ్ము విడతలవారీగా పంచుతుంది. ధర కుప్పకూలకుండా ఆ పద్ధతి అడ్డుకట్ట వేసింది. అయితే ఒకటి గమనించాలి. గింజను కాసేది బోర్డు, గింజ కోసే కూలీకి ఇల్లూ నీళ్లూ వైద్యమూ చూడాల్సింది వేరే చట్టం. ఆ తోటల కార్మిక చట్టం 1951లో గాని రాలేదు. ముందు సరుకుకు రక్షణ, తొమ్మిదేళ్లకు మనిషికి!

కాఫీ హౌసులు బోర్డు చేతికిందే ఊరూరా పెరిగాయి. వాటిల్లో వండేవాళ్లూ, వడ్డించేవాళ్లూ బోర్డు కార్మికులే. 1950ల నడుమ బోర్డు విధానం మార్చుకుని హౌసులు మూసేయడానికి దిగింది. ఏళ్ల తరబడి చాకిరీ చేసినవాళ్లు రోడ్డున పడ్డారు. అప్పుడు గోపాలన్ వాళ్ల పక్షాన నిలిచారు. ఉద్యోగం పోయిందని అర్జీలు పెట్టుకుంటూ కూర్చుంటే పొయ్యి వెలగదు, సహకార సంఘాలు పెట్టి ఆ హౌసుల్ని మీరే నడపండని దారి చూపారు. ప్రధాని నెహ్రూ దాకా విషయం తీసుకెళ్లారు. 1957 ఆగస్టులో బెంగుళూరులో మొదటి కార్మిక సహకార సంఘం పుట్టింది. ఆ అక్టోబరులోనే ఢిల్లీలో కార్మికుల సొంత కాఫీ హౌసు తెరిచారు. 1958 మార్చిలో కేరళలో త్రిచూరు హౌసును గోపాలనే ప్రారంభించారు. నిన్నటిదాకా జీతగాళ్లయినవాళ్లు ఆ రోజు నుంచి లెక్కలు చూసుకున్నారు, పాలకవర్గాన్ని ఎన్నుకున్నారు. కేరళలోనూ, కలకత్తా కాలేజీ వీధిలోనూ ఆ హౌసులు నేటికీ నడుస్తున్నాయి.

ఆయన అక్కడితో ఆగలేదు. 1961లో కేరళ కొండల్లో ఇళ్లూ పొలాలూ పోగొట్టుకుని అమరావతికి తరిమేయబడ్డ రైతుల కోసం నిరాహార దీక్ష పట్టారు. ఎమర్జెన్సీని పార్లమెంటులోనే ఎదిరించారు. 1977 మార్చి 22న కన్నుమూశారు.

ఈ కథ మనకెందుకు? 1990లలో పూలు పద్ధతిని మెల్లగా సడలించి, 1996లో పూర్తిగా ఎత్తేశారు. చిన్న రైతు ప్రపంచ మార్కెట్టు గాలికి ఎదురు నిలవాల్సి వచ్చింది. మన విశాఖ మన్యంలో గిరిజనులు చిన్న చిన్న కమతాల్లో కాఫీ పండిస్తున్నారు. వాళ్లకూ ఇదే బోర్డు, ఇదే మార్కెట్టు. బోర్డులో యజమానులూ, వ్యాపారులూ, ప్రభుత్వాలూ, కార్మికులూ అందరికీ కుర్చీలుంటాయి. కుర్చీ ఉంటే చాలదు, దాని వెనక సంఘం ఉండాలి. సంఘం లేనివాడి మాట కాగితం మీదే ఉండిపోతుంది. బోర్డు చేయాల్సింది బోర్డు చేత చేయించాలి. అది చేయి వదిలేసిన నాడు మన కాళ్ల మీద మనం నిలబడే సత్తువ ముందే కూడగట్టుకోవాలి. గోపాలన్ జీవితం నుంచి మనం నేర్చుకోవాల్సింది ఇదే.