వార్తల బల్ల నుంచి వెండితెరకు: స్మితా పాటిల్ తొలి అడుగులు

1972 అక్టోబరు 2న బొంబాయిలో టెలివిజన్ ప్రసారాలు మొదలయ్యాయి. ఢిల్లీ తరువాత దేశంలో టెలివిజన్ కేంద్రం ఏర్పడిన రెండో నగరం అది. దూరదర్శన్ అప్పటికి ఆకాశవాణిలో భాగమే. 1976లో గాని ప్రత్యేక సంస్థగా విడివడలేదు. తెర మీద కనిపించేది నలుపు, తెలుపు మాత్రమే. టీవీ ఉన్న ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టదగినవి కావడంతో, సాయంత్రం కాగానే ఇరుగుపొరుగు వారంతా ఆ ఇంటి ముందుగదిలోకి చేరేవారు. వారికి మరాఠీలో వార్తలు వినిపించిన తొలితరం వారిలో ఇరవై ఏళ్ళు నిండని ఒక యువతి ఉన్నారు. ఆమె పేరు స్మితా పాటిల్.

భారతీయ సమాంతర సినిమా గురించి మాట్లాడేటప్పుడు ఆమె పేరు తలవకుండా ముందుకు సాగడం కష్టం. అయితే కెమెరా ముందు ఆమె చేసిన మొదటి పని నటన కాదు, వార్తాపఠనం. ఆ తరువాతి నటనను అర్థం చేసుకోవడానికి ఈ చిన్న విషయం ఎంతో ఉపకరిస్తుంది.

స్మిత 1955 అక్టోబరు 17న పుణేలో జన్మించారు. తండ్రి శివాజీరావు పాటిల్ స్వాతంత్ర్య సమరయోధులు; తరువాతి కాలంలో మహారాష్ట్ర మంత్రిగా పనిచేశారు. తల్లి విద్యాతాయి సామాజిక సేవిక. బాల్యంలోనే స్మిత రాష్ట్ర సేవాదళ్ కార్యక్రమాలలో పాల్గొన్నారు. ఆ సంస్థ కళాబృందాలకు ఆటపాటలతో పాటు సామాజిక చింతన కూడా శిక్షణలో భాగమే. ప్రేక్షకుల ఎదుట నిలవడం, ఆ ప్రేక్షకులు ఎలాంటి బతుకులు బతుకుతున్నారో గమనించడం ఆమెకు ఆ విధంగా ఒకేసారి అలవడ్డాయి.

వార్తలు చదివే రోజులలో ఆమె జీన్స్ ప్యాంటుతో కేంద్రానికి వచ్చి, ప్రసార సమయానికి దాని మీదే చీర చుట్టుకుని కెమెరా ముందు కూర్చునేవారని నాటి సహచరులు చెప్పుకునేవారు. చిత్రంలో నడుము పైభాగమే కనబడుతుంది కనుక చూసేవారికి ఆ సంగతి తెలిసేది కాదు. సరదాగా అనిపించే ఈ ముచ్చట వెనుక వార్తాపఠనపు క్రమశిక్షణ ఉంది. వార్త చదివేవారు తమను తాము ప్రదర్శించుకోరాదు. గొంతులో కన్నీరు పలకరాదు, కోపం తొంగిచూడరాదు. చూపు నిలకడగా ఉండాలి, మాట స్పష్టంగా ఉండాలి. వార్తే ముందు నిలవాలి, మనిషి వెనక్కు తగ్గాలి. వార్తా విభాగంలో పనిచేసిన వారికి ఇది ఎంత కష్టమో తెలుసు. స్మిత నటనలో విమర్శకులు పదే పదే ప్రస్తావించిన నిగ్రహం ఆ బల్ల వద్దనే కొంత అలవడి ఉంటుందని అనుకోవడం సబబే.

ఆమెది చామనఛాయ. హిందీ చిత్రసీమ కథానాయికలో తెల్లని మేనిఛాయను, మెరుగులు దిద్దిన ముఖాన్ని కోరుకుంటున్న కాలమది. వార్తల తెరకు ఆ పట్టింపు లేకపోయింది. సినిమా తానై పిలిచి ఉండని ఒక ముఖాన్ని టెలివిజన్ ముందుగా ఇంటింటికీ తీసుకువెళ్ళింది. ఆ ముఖాన్ని చూసినవారిలో దర్శకుడు శ్యామ్ బెనెగల్ ఒకరు. అప్పటికే 1974లో పుణే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ విద్యార్థి అరుణ్ ఖోప్కర్ డిప్లొమా చిత్రం ‘తీవ్ర మధ్యమ్’లో ఆమె నటించారు.

హైదరాబాదులో పుట్టి పెరిగిన బెనెగల్, ‘అంకుర్’తో అప్పుడే దేశం దృష్టిని ఆకర్షించారు. స్మితను ఆయన మొదట బాలల చిత్రం ‘చరణ్‌దాస్ చోర్’లో రాకుమారి పాత్రకు తీసుకున్నారు. హబీబ్ తన్వీర్ నాటకం ఆధారంగా, ఛత్తీస్‌గఢ్ జానపద కళాకారులతో తీసిన చిత్రమది. వెనువెంటనే 1975లో ‘నిశాంత్’ వచ్చింది.

‘నిశాంత్’ కథాస్థలం 1945 నాటి తెలంగాణ పల్లె. దొరల కుటుంబం బడిపంతులు భార్యను ఎత్తుకుపోతే ఊరంతా నోరు మెదపని దుస్థితి అందులోని ఇతివృత్తం. స్మిత పోషించిన రుక్మిణి ఆ దొరలలో చివరివాడి ఇల్లాలు. తన ఇంట్లో, తన కళ్ళ ఎదుట జరుగుతున్న అన్యాయాన్ని చూస్తూ అక్కడే కాపురం చేయవలసిన స్త్రీ. షబానా ఆజ్మీ, గిరీశ్ కర్నాడ్, నసీరుద్దీన్ షా వంటి నటుల మధ్య ఆ పాత్రకు దక్కిన చోటు పెద్దది కాదు. అయినా ప్రేక్షకులు ఆమెను మరచిపోలేదు.

మరుసటి ఏడాది వచ్చిన ‘మంథన్’ గుజరాత్ పాడి సహకారోద్యమ నేపథ్యంలో రూపొందింది. ఐదు లక్షల మంది రైతులు తలా రెండు రూపాయలు వేసుకుని నిర్మించిన చిత్రమది. అందులో ఆమె బిందు అనే దళిత గ్రామీణ మహిళ. వార్తలు చదవడంతో వృత్తి జీవితం ప్రారంభించిన యువతి, అక్షరజ్ఞానానికి నోచుకోని ఇల్లాలిగా మారారు. ఆ ఇల్లాలి వేలిముద్ర తీసుకునే, ఊరికి మేలు చేయవచ్చిన డాక్టరు మీద అభాండం మోపుతారు. నిస్సహాయత, ఆత్మాభిమానం రెండూ ఆ పాత్రలో పక్కపక్కనే కనిపిస్తాయి.

1977లో విడుదలైన ‘భూమిక’ ఆమె స్థానాన్ని సుస్థిరం చేసింది. నాటి మరాఠీ సినీనటి హంసా వాడ్కర్ ఆత్మకథ దానికి ఆధారం. యౌవనపు తొలిరోజుల నుంచి నడివయసు తల్లి దాకా సాగే పాత్ర అది. సంపాదనంతా ఇంటివారికి ధారపోసి, మగవారి నీడలో ఆశ్రయం వెతికి, చివరకు ఒంటరితనమే మిగిలిన స్త్రీ కథ. ఇరవై రెండేళ్ళైనా రాకుండానే ఆ భారాన్ని మోసిన స్మితకు ఉత్తమ నటిగా జాతీయ పురస్కారం లభించింది.

తెలుగు ప్రేక్షకులకు ఆమెతో నేరుగా ఏర్పడిన బంధం ‘అనుగ్రహం’. మరాఠీ నవల ‘కొండురా’ ఆధారంగా బెనెగల్ తెలుగులోనూ హిందీలోనూ ఏకకాలంలో తీసిన ఈ చిత్రంలో అనంతనాగ్, వాణిశ్రీ, రావు గోపాలరావులతో కలిసి ఆమె నటించారు. హిందీ, మరాఠీ, తెలుగులకే పరిమితం కాక, తరువాతి సంవత్సరాలలో బెంగాలీలో మృణాల్ సేన్, మలయాళంలో అరవిందన్ చిత్రాలలోనూ కనిపించారు. ‘చక్ర’కు రెండోసారి జాతీయ పురస్కారం, 1985లో పద్మశ్రీ అందుకున్నారు.

1986 డిసెంబరు 13న, ప్రసవానంతర అనారోగ్యంతో స్మితా పాటిల్ కన్నుమూశారు. అప్పటికి ఆమె వయసు 31 ఏళ్ళు. కుమారుడు పుట్టి 15 రోజులు. ప్రధాన పాత్ర పోషించిన ‘మిర్చ్ మసాలా’ విడుదలను ఆమె చూడలేదు.

2024 మే నెలలో, పునరుద్ధరించిన ‘మంథన్’ ప్రతిని కాన్ చలనచిత్రోత్సవంలో ప్రదర్శించారు. ఆ ప్రదర్శనకు హాజరైనవారిలో ఆమె కుమారుడు కూడా ఉన్నారు. తల్లి జీవించినన్ని ఏళ్ళను ఆయన అప్పటికే దాటి వచ్చారు. తెర మీద బిందు మాత్రం ఇరవై ఏళ్ళ వయసులో, చూపు తిప్పుకోకుండా, సూటిగా చూస్తూనే ఉంది.