బొగ్గుపొగను లెక్కించిన అర్హీనియస్

రసాయనశాస్త్ర విద్యార్థులకు స్వాంటె అర్హీనియస్ పేరు సుపరిచితమే. నీటిలో కరిగి హైడ్రోజన్ అయాన్లనిచ్చేది ఆమ్లమని నిర్వచించినవాడు ఆయనే. మన మంచిర్యాల, గోదావరిఖని ప్రాంతాలకు అన్నం పెడుతున్న బొగ్గును గూర్చి కూడా ఆయన ఒక గొప్ప గణితం వేశాడని తెలిసినవారు మాత్రం అరుదు.

ఆయన 1859 ఫిబ్రవరి 19న స్వీడన్ దేశంలో ఉప్సాలా నగర సమీపాన జన్మించాడు. తండ్రి సర్వేయరు. 1884లో ఆయన సమర్పించిన సిద్ధాంతవ్యాసాన్ని ఉప్సాలా ఆచార్యులు మెచ్చక, తక్కువ శ్రేణిలో ఉత్తీర్ణం చేశారు. ఆ వ్యాసంలో మొలకెత్తిన సిద్ధాంతానికే 1903లో నోబెల్ బహుమతి లభించింది. పరీక్షలో తరగతి తగ్గిందని దిగులుపడే మన విద్యార్థులు ఈ సంగతిని మనసున ఉంచుకోవచ్చు!

1889లో ఇల్లందు ప్రాంతాన సింగరేణి బొగ్గు త్రవ్వకం ఆరంభమైంది. అటు తరువాత ఐదేండ్లకు, 1894 చివర, అర్హీనియస్ పూర్వయుగాలలో భూమిని మంచు ఎందుకు కప్పివేసిందన్న ప్రశ్నను చేపట్టాడు. బొగ్గుపులుసు వాయువు భూమి నుండి వెడలే వేడిమిని పట్టి ఉంచుతుందని టిండాల్ మున్నే నిరూపించి ఉన్నాడు. ఆ వాయువు తగ్గితే, పెరిగితే ఏమగును? యంత్రసహాయం లేకుండా, కలం కాగితాలతో, అక్షాంశాలవారీగా, ఋతువులవారీగా దాదాపు ఏడాదిపాటు వేల లెక్కలు వేశాడు. ఆ దినాలలోనే ఆయన సంసారం విచ్ఛిన్నమైంది. 1896లో ఫలితం ప్రకటించాడు. వాయువు రెట్టింపైతే భూమి 5 నుండి 6 డిగ్రీలు వేడెక్కును. ధ్రువాల వైపు మరింత అధికం. నేటి శాస్త్రజ్ఞుల అంచనా సుమారు 3 డిగ్రీలు.

ఇచ్చట రెండు మాటలను వేరుచేసి గ్రహించాలి. భూమి సగటు ఉష్ణోగ్రత హెచ్చడం భూతాపం. దానివల్ల వానలు, గాలులు, హిమనదాలు, సముద్రమట్టం తారుమారు కావడం శీతోష్ణస్థితి మార్పు. అర్హీనియస్ లెక్కించినది మొదటిదానినే. మే నెలలో రామగుండం కాగిపోతే, దగ్గరి విద్యుత్కేంద్రపు పొగగొట్టాలను నిందించడం మనవారికి అలవాటు. గాలిలో దుమ్ము, బూడిద మాట వేరు. బొగ్గులోని 12 పాళ్ళ కర్బనం మండితే 44 పాళ్ళ బొగ్గుపులుసు వాయువు పుడుతుంది. అది ఊరిమీదనే నిలవక లోకమంతటా పరచుకుంటుంది. మన బొగ్గు ఉప్సాలాను వేడిచేస్తుంది, వారి బొగ్గు మనలను.

1908లో వెలువడిన గ్రంథంలో ఆయన ఈ వేడిమిని ఒక వరంగా భావించాడు. చలిదేశపువాడు గదా! రెట్టింపు కావడానికి వేల ఏండ్లు పట్టునని తొలుత తలచాడు. ఆయన నాడు పదిలక్షల పాళ్ళ గాలిలో 300 పాళ్ళకు లోపే ఉన్న ఆ వాయువు నేడు 420 దాటింది. జాతిశుద్ధి పేరిట స్వీడన్‌లో వెలసిన సంఘంలో ఆయన సభ్యుడు కావడం మాత్రం ఆ మేధావికి తగని పని.

1927 అక్టోబరు 2న స్టాక్‌హోంలో ఆయన కన్నుమూసేనాటికి శాస్త్రజ్ఞులు పెక్కుమంది ఆ లెక్కను త్రోసిపుచ్చారు. 1938లో కాలెండర్ అనే ఆంగ్లేయ ఇంజనీరు 147 వాతావరణ కేంద్రాల పాత పట్టికలు తిరగవేసి, భూమి అప్పటికే వేడెక్కనారంభించిందని చూపాడు.