నిషేధంతో పోరాడిన నాగరత్నమ్మ

శృంగారాన్ని దాపరికం లేకుండా చెప్పిన పుస్తకాన్ని సాహిత్యం అనవచ్చునా, లేక బూతు అని పక్కన పెట్టాలా? వేంసూరు, సత్తుపల్లి ప్రాంతాల్లో ఇంట్లో ఉర్దూ మాట్లాడుతూ బడిలో తెలుగు చదివే మన పిల్లలు ఏదో ఒకనాడు ఈ ప్రశ్న అడగకపోరు. ఈ విషయంలో బెంగుళూరు నాగరత్నమ్మ జీవితం తెలుసుకోదగినది.

ఆమె 1878లో మైసూరు సంస్థానంలోని నంజనగూడులో దేవదాసీ కుటుంబంలో జన్మించారు. చిన్ననాడే సంగీతం, నాట్యం, సంస్కృతం, కన్నడం, తెలుగు నేర్చారు. తర్వాత మద్రాసు చేరి గాయనిగా గొప్ప పేరు, ధనం సంపాదించారు. అయితే ఆమెకు పాట ఎంత ఇష్టమో పుస్తకం అంత ఇష్టం.

తంజావూరును 1739 నుండి 1763 వరకు ఏలిన ప్రతాపసింహుని ఆస్థానంలో ముద్దుపళని అనే కవయిత్రి ఉండేది. ఆమె తెలుగులో 'రాధికా సాంత్వనం' అనే కావ్యం రాసింది. రాధ తాను పెంచిన ఇలాదేవిని శ్రీకృష్ణునికిచ్చి పెళ్లి చేస్తుంది. తర్వాత ఆ ఎడబాటు భరించలేక అలుగుతుంది. చివరకు కృష్ణుడు వచ్చి ఆమెను ఓదారుస్తాడు. స్త్రీ మనసులోని కోరికను, అసూయను, కోపాన్ని స్త్రీయే చెప్పడం ఇందులోని విశేషం.

నాగరత్నమ్మ ఆ కావ్యం సంపాదించి చూడగా, అచ్చుప్రతిలో కొన్ని పద్యాలు లేవు. కవయిత్రి తన వంశాన్ని గురించి చెప్పుకొన్న భాగమూ లేదు. ఆమె ఊరుకోలేదు. రాతప్రతి తెప్పించి, పోల్చి, సరిచేసి, 1910లో వావిళ్ల వారి ద్వారా పూర్తి గ్రంథాన్ని వెలువరించారు.

అప్పటికే కందుకూరి వీరేశలింగం పంతులు ఈ కావ్యం సిగ్గుమాలినదని, స్త్రీ రాయదగినది కాదని విమర్శించి ఉన్నారు. వితంతు వివాహాల కోసం నిందలు మోసిన సంస్కర్త ఆయన. అలాంటి వారి మాటకు నాగరత్నమ్మ తన పీఠికలో వినయంగానే, కాని సూటిగా జవాబిచ్చారు. సిగ్గు ఆడవారికి మాత్రమేనా అని ఆమె అడిగారు. ఇటువంటి వర్ణనలే ఉన్న మగకవి కావ్యాన్ని పంతులుగారే మెచ్చి అచ్చుకు సాయపడ్డారని ఎత్తి చూపారు. ఆ ప్రశ్నకు సరైన జవాబు రాలేదు.

జవాబుకు బదులు పోలీసులు వచ్చారు. గ్రంథం అశ్లీలమని 1911లో బ్రిటిషు ప్రభుత్వం ప్రతులను స్వాధీనం చేసుకొని నిషేధించింది. ఆ నిషేధం ముప్పై ఆరేళ్లు నిలిచింది. టంగుటూరి ప్రకాశం పంతులు పూనికతో 1947లో తొలగింది. 1952లో వావిళ్ల వారు మళ్లీ అచ్చువేశారు. అదే ఏడు మే నెలలో నాగరత్నమ్మ తిరువయ్యారులో కన్నుమూశారు. పాడుబడిన త్యాగరాజు సమాధిని తన సొమ్ముతో బాగుచేయించి, 1925లో అక్కడ గుడి నిలబెట్టింది, ఆడవారిని పాడనివ్వని ఆరాధనోత్సవంలో వారికి చోటు సంపాదించింది కూడా ఆమే.

ఉర్దూలోనూ ఇలాంటి వ్యవహారాలు జరిగాయి. ఇస్మత్ చుగ్తాయ్ 1942లో ప్రచురించిన 'లిహాఫ్' కథపై లాహోరు కోర్టులో అశ్లీలత కేసు నడిచింది, నిలబడలేదు. సాదత్ హసన్ మంటో 1955లో చనిపోయేలోగా అలాంటి కేసులు ఆరు ఎదుర్కొన్నాడు. ఈనాడు వారిద్దరినీ వదిలి ఉర్దూ కథను గురించి చెప్పడం సాధ్యం కాదు. మన దేశంలో 1969లో చట్టాన్ని సవరించి, సాహిత్యం, కళ, విజ్ఞానం కోసం లోకహితంగా వెలువడే రచనలకు మినహాయింపు ఇచ్చారు.

అయితే ఏం రాసినా కళ అయిపోతుందా? కాదు. మనిషిని సరుకుగా చూపి డబ్బు చేసుకునే రాత వేరు, మనిషి గుండెలోని బాధను తెలిపే రాత వేరు. రెండింటిలోనూ ఒకే మాట ఉండవచ్చు, ఉద్దేశం ఒకటి కాదు. పిల్లల చేతికి ఏ వయసులో ఏ పుస్తకం ఇవ్వాలన్నది తల్లిదండ్రులు తేల్చుకోవలసిన విషయం. ముద్దుపళని కావ్యం చిన్నపిల్లలకు కాదని మేమూ అంటాము. కాని పెద్దలు కూడా చూడకుండా తగలబెట్టడం, తాళం వేయడం వివేకం అనిపించుకోదు.

హయా మనకు ఈమాన్‌లో భాగం. సూరె నూర్ ముప్పయ్యవ ఆయతులో చూపులు దించుకోమన్న ఆజ్ఞ ముందు పురుషులకే వచ్చింది, ఆ తర్వాతి ఆయతులోనే స్త్రీలకు. మనం చాలాసార్లు ఆ వరుసను తలకిందులు చేసి చదువుతాము. మగవాడు రాస్తే రసికత, ఆడది రాస్తే సిగ్గుమాలినతనం అనే తూకం హయా కాదు, అది అన్యాయం. నాగరత్నమ్మ మన మతం వారు కాదు. అయినా ఆమె అడిగింది న్యాయం గురించే. ఒక పుస్తకాన్ని చెడ్డదని అనేముందు దాన్ని చదివామా, అందరినీ ఒకే త్రాసులో తూచామా అని మన ఇళ్లలోనూ అడిగి చూసుకోవాలి.