జాన్ కాల్‌హూన్: రాజనీతి, లేఖలు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో అంతర్యుద్ధమునకు పూర్వతరమున దక్షిణాది పక్షమున వాదించినవారిలో అగ్రగణ్యుడు జాన్ కాల్డ్వెల్ కాల్‌హూన్. అంతటి మేధావియు దేనిని చూడజాలకపోయెనో తెలిసికొనుటకై అతని జీవితము నేటికిని పఠనీయము.

కాల్‌హూన్ 1782 మార్చి 18వ తేదీన దక్షిణ కరోలినాలో జన్మించెను. తండ్రి పాట్రిక్ బానిసలచే సేద్యము చేయించిన భూస్వామి. యేల్ కళాశాలలో 1804లో పట్టభద్రుడై, న్యాయశాస్త్ర మభ్యసించి, కాల్‌హూన్ 1811లో ప్రతినిధుల సభలో ప్రవేశించెను. తొలినాళ్ళలో అతడు జాతీయవాది. జాతీయ బ్యాంకును, రహదారులను, పరిశ్రమలకు రక్షణ సుంకములను సమర్థించెను. 1817 నుండి 1825 వరకు మన్రో ప్రభుత్వమున యుద్ధమంత్రియై, పేరుకొనిపోయిన పాత లెక్కలను పరిష్కరించి, కార్యాలయమును క్రమబద్ధము గావించెను.

పిమ్మట ఆడమ్స్, జాక్సన్ అను ఇరువురు అధ్యక్షుల కాలమున అతడు ఉపాధ్యక్షుడు. 1828 నాటి అధిక దిగుమతి సుంకములు ఉత్తరాది కర్మాగారములకు మేలు చేయగా, ప్రత్తి ఎగుమతిపై బ్రతుకు దక్షిణాదికి భారమయ్యెను. అప్పుడతడు పేరు ప్రకటింపక ఒక పత్రమును వ్రాసి, రాజ్యాంగవిరుద్ధమని తోచిన కేంద్ర శాసనమును రాష్ట్రము తన హద్దులలో చెల్లనిదిగా ప్రకటింపవచ్చునని వాదించెను. 1832 నవంబరులో దక్షిణ కరోలినా అట్లే చేసెను. జాక్సన్ సైనికబలమును ప్రయోగింప సిద్ధపడెను. డిసెంబరు 28న కాల్‌హూన్ ఉపాధ్యక్ష పదవికి రాజీనామా చేసి సెనేటులో చేరెను. 1833లో హెన్రీ క్లే సుంకములను తగ్గించు రాజీ కుదుర్చగా సంకటము అప్పటికి తొలగెను.

సంఖ్యాధిక్యమొక్కటే పాలనాధికారము కాజాలదనియు, ముఖ్య వర్గములన్నిటి సమ్మతి అవసరమనియు అతని సిద్ధాంతము. అల్పసంఖ్యాకుల రక్షణను గూర్చి అంత నిశితముగా యోచించినవారు అరుదు. కాని అతడు రక్షింప దలచిన అల్పసంఖ్యాకులు బానిసల యజమానులు. 1837లో సెనేటులో బానిసత్వము ఉభయులకును మేలేయని వాదించెను. అతని రాష్ట్రమున జనులలో సగమునకు మించినవారు బానిసలు. వారి సమ్మతి ప్రసక్తి అతని సిద్ధాంతమున లేదు.

అతని లేఖలలోను ఈ ద్వంద్వమే కానవచ్చును. కుమార్తె అన్నా మరియాను రాజకీయ విషయములలో సమానురాలిగా నెంచి అతడు లేఖలు వ్రాసెను. ఆమె భర్త థామస్ క్లెమ్సన్ బెల్జియములో అమెరికా ప్రతినిధిగా నున్న యేండ్లలో ఆ లేఖలు సముద్రము దాటి పోయినవి. విదేశాంగమంత్రిగా 1844 ఏప్రిలులో బ్రిటిషు రాయబారి పాకెన్‌హామ్‌నకు పంపిన లేఖ వేరు తీరు. టెక్సాసు విలీనమును సమర్థించుచు, స్వేచ్ఛ పొందిన నల్లవారిలో మతిభ్రంశము హెచ్చని చూపుటకు అతడు 1840 జనగణన అంకెలను ఉదహరించెను. ఆ అంకెలు తప్పులతడకలని ఎడ్వర్డ్ జార్విస్ అను వైద్యుడు అప్పటికే నిరూపించియుండెను. అయినను కాల్‌హూన్ వాటిని విడువలేదు. లెక్కలను సరిదిద్దిన మంత్రి, తనకు ప్రియమైన లెక్కను సరిచూడలేదు. ఆ జూనులో సెనేటు విలీన సంధిని త్రోసిపుచ్చెను.

1850 మార్చి 4న వ్యాధిగ్రస్తుడై, తన కడపటి ప్రసంగమును మేసన్ అను సభ్యునిచే చదివించెను. ఉత్తర దక్షిణముల సమతౌల్యము చెడిన సమాఖ్య నిలువదని అందు హెచ్చరించెను. మార్చి 31న వాషింగ్టన్ నగరమున మరణించెను. 1861లో యుద్ధము రానే వచ్చెను. 1865లో బానిసత్వము రాజ్యాంగ సవరణచే నిషిద్ధమయ్యెను.

1957లో సెనేటు అతనిని ఉత్తమ సభ్యులైదుగురిలో నొకనిగా నెంచెను. 2017లో యేల్ విశ్వవిద్యాలయము తన కళాశాల కొకదానికిగల అతని పేరును తొలగించెను. 2020లో ఛార్లెస్టన్‌లో అతని విగ్రహము దింపబడెను. అతని లేఖలు, పత్రములు మాత్రము ఇరువదియెనిమిది సంపుటములుగా నిలిచియున్నవి. ఆ మేధను, ఆ అంధత్వమును వాటియందు ఒక్కచోటనే చూడవచ్చును.