గోలకొండ చెరలో గోపన్న

గోలకొండ కోట చూడబోయినవారికి అక్కడ ఒక చీకటి గదిని చూపిస్తారు. దాని గోడమీద సీతారామలక్ష్మణుల రూపాలు, ఆంజనేయుని రూపం చెక్కి ఉంటాయి. భక్త రామదాసు బందీగా ఉన్న చోటు అదేనని ప్రతీతి.

రామదాసు అసలు పేరు కంచర్ల గోపన్న. ఆయన 17వ శతాబ్దంలో, ఇప్పటి ఖమ్మం జిల్లాలోని నేలకొండపల్లిలో జన్మించాడు. తల్లి కామాంబ, తండ్రి లింగన్న. 1672లో గోలకొండ సింహాసనం ఎక్కిన అబుల్ హసన్ కుతుబ్ షాను ప్రజలు తానీషా అని పిలిచేవారు. ఆయన కొలువులో అక్కన్న, మాదన్న అనే సోదరులు గొప్ప అధికారం వహించారు. గోపన్న వారి మేనల్లుడని చెబుతారు. వారి ప్రాపకంవల్ల ఆయనకు పాల్వంచ ప్రాంతపు తహసీల్దారు పదవి లభించింది.

శిస్తు వసూలు చేసి ఖజానాకు పంపడం తహసీల్దారు పని. గోదావరి ఒడ్డున ఉన్న భద్రాచలం ఆ ప్రాంతంలోనిదే. పోకల దమ్మక్క అనే భక్తురాలు అక్కడి రాముని తాటాకు పందిరి కింద ఉంచి కొలిచేదని స్థలపురాణం. ఎండకు ఎండుతూ వానకు తడుస్తూ ఉన్న ఆ దేవుణ్ణి చూసి గోపన్న మనసు ఊరుకోలేదు. ఊరూరా చందాలు పోగుచేశాడు. అవి చాలలేదు. చేతిలో ఉన్న శిస్తు సొమ్ము తీసి గుడి కట్టించాడు, ప్రాకారాలు లేపాడు, దేవుళ్ళకు నగలు చేయించాడు. అలా ఖర్చయిన సొమ్ము ఆరు లక్షలని లోకం చెప్పుకుంటుంది.

గోపన్న తనకోసం దమ్మిడీ వాడుకోలేదు. అయినా ఆ సొమ్ము ఆయనది కాదు. రైతులు చెమటోడ్చి కట్టిన పన్ను అది. పైవారి అనుమతి లేకుండా ఖర్చయింది. కథ చెప్పేవారు తరచుగా ఈ సంగతిని దాటవేస్తారు. కాని గోపన్న బాధను అర్థం చేసుకోవాలంటే దీన్ని దాటవేయరాదు.

తానీషా ఆయనను చెరలో వేయించాడు. ఆ ఖైదు పన్నెండేళ్ళు సాగిందని, కొరడా దెబ్బలు కూడా తిన్నాడని సంప్రదాయం చెబుతుంది. పగలూ రాత్రీ తెలియని ఆ గదిలో గోపన్నను ఒక ప్రశ్న వేధించింది. సముద్రానికి వారధి కట్టించిన రామునికి ఒక కోట తలుపు తీయడం ఎంత పని? రాలేకపోతున్నాడంటే శక్తి లేదనుకోవాలి. శక్తి ఉండీ రాలేదంటే దయ లేదనుకోవాలి. ఈ రెండింటిలో ఏదీ గోపన్నకు నోట రాదు. కాని వీపుమీది వాతలు మాత్రం నిజం.

ఆయన ఈ ప్రశ్నను మనసులో దాచుకోలేదు, పాటగా పాడాడు. మొదట బతిమాలాడు. తన మాట రామునికి చేరడంలేదని తోచి, ఏకాంతవేళ ఒక మాట చెప్పి పుణ్యం కట్టుకొమ్మని సీతమ్మను వేడుకున్నాడు. అదీ ఫలించలేదు. అప్పుడు కోపం వచ్చింది. ఏ నగకు ఎంత ఖర్చయిందో ఒక్కొక్కటే ఎత్తి చూపి, ఇవన్నీ పెట్టుకొని ఎవరి సొమ్మని కులుకుతున్నావని రాముణ్ణే నిలదీశాడు. పద్దులు రాయడం తెలిసిన తహసీల్దారు కదా! అదే పాటలో, దెబ్బల బాధకు ఓర్వలేక తిట్టాను, క్షమించమని కూడా వేడుకున్నాడు.

జనం ఈ ప్రశ్నకు తమకు తోచిన జవాబు చెప్పుకున్నారు. గోపన్న పూర్వజన్మలో ఒక చిలుకను పన్నెండు రోజులు పంజరంలో ఉంచాడట. ఆ పాపమే పన్నెండేళ్ళ చెరగా పండిందట. దేవుడు సర్వశక్తిమంతుడైనా కర్మఫలాన్ని తుడిచివేయడు అన్నది ఇందులోని భావం. చిలుక కథ వినడానికి బాగుంది. అయితే కొరడా ఎత్తిన చేతికి పాపం లేదా? చరిత్ర కూడా అంత సులభంగా ఈ లెక్కకు ఒదగదు. 1686లో అక్కన్న, మాదన్నలు గోలకొండ వీధుల్లో హత్యకు గురయ్యారు. 1687లో కోట ఔరంగజేబు వశమైంది. గోపన్నను బంధించిన తానీషా తానే బందీ అయి దౌలతాబాద్ కోటలో కన్నుమూశాడు.

గోపన్న విడుదలను గురించిన కథ అందరికీ తెలిసినదే. ఇద్దరు యువకులు రామోజీ, లక్ష్మోజీ అనే పేర్లతో అర్ధరాత్రి తానీషా పడకగదికి వెళ్ళి, బాకీ అంతా చెల్లించి రసీదు తీసుకున్నారట. తెల్లవారాక సంగతి తెలిసి తానీషా గోపన్నను సగౌరవంగా విడిపించాడు. ఇందులో ఒక విచిత్రం ఉంది. ఏళ్ళ తరబడి పిలిచిన గోపన్నకు కనిపించని రాముడు, పిలవని తానీషాకు కనిపించాడు. సంకెళ్ళు ఊడినందుకు సంతోషించడానికి బదులు గోపన్న ఈ మాట తలచుకొని దుఃఖించాడని చెబుతారు.

ఆయన పాటలు భజనపరుల వెంట కావేరీ తీరందాకా వెళ్ళాయి. తిరువయ్యారులో త్యాగరాజు (1767–1847) కూడా తన బాధలు తీర్చని రామునితో వాదులాడాడు. ఒక కీర్తనలో తననిలా చింతలపాలు చేయడం తగునా అని అడుగుతూ, రామదాసు చెర విడిపించిన సంగతి తాను విన్నానని గుర్తుచేశాడు.