ఆనందోద్యానమును నాటిన హెరాడ్

గ్రంథాలయపు పండుగనాడు గ్రంథములను ప్రేమించినవారిని తలచుకొనుట ఉచితము. అట్టివారిలో ఎనిమిది వందల యేండ్ల క్రిందట యూరపు ఖండమున జీవించిన హెరాడ్ అను సన్యాసిని యొకతె. ఆమె కూర్చిన మహాగ్రంథము నేడు లేదు. అయినను దాని రూపము మనకు తెలియును. అది యెట్లో ప్రతి గ్రంథాలయ సభ్యుడును ఎరుగదగినది.

ఫ్రాన్సు తూర్పు సరిహద్దున, రైను నదికి పడమట ఆల్సేసు సీమ కలదు. పండ్రెండవ శతాబ్దమున అది జర్మను చక్రవర్తుల యేలుబడిలో నుండెను. అచట హోహెన్‌బుర్గ్ అను కొండపై స్త్రీల క్రైస్తవ మఠ మొకటి కలదు. క్షీణదశలో నున్న ఆ మఠమును ఫ్రెడరిక్ బార్బరోస్సా చక్రవర్తి ప్రాపున రెలిండా అను విదుషి ఉద్ధరించెను. ఆమె పిమ్మట హెరాడ్ మఠాధ్యక్షురాలయ్యెను. కొండ పాదమున ట్రుటెన్‌హౌజెన్ అను చోట మరియొక మఠమును ఆమె నెలకొల్పెను.

తన చెంతనున్న కన్యలకు విద్య గరపుటయే హెరాడ్ జీవితవ్రతము. అందులకై 1167 ప్రాంతమున ఆమె ఒక గ్రంథమును ఆరంభించెను. దాని పేరు 'హోర్టుస్ డెలిసియారుమ్', అనగా ఆనందోద్యానము. పెక్కు పూవులనుండి తేనె గూర్చు తేనెటీగతో ఆమె తన్ను పోల్చుకొనెను. సృష్టి మొదలు లోకాంతము వరకు గల వృత్తాంతము, సప్తవిద్యలు, ఖగోళము, నీతులు, పాటలు అందు చేరెను. లాటిను పదములపై వెయ్యికి మించి జర్మను అర్థములు వ్రాయబడెను. మూడు వందలకు పైగా రంగుల బొమ్మలుండెను. నీటిమరయు, బొమ్మలాటయు, వీరుల కవచములును అందు కానవచ్చును. తుదిపుటలో మఠమునందలి సుమారు 60 మంది స్త్రీల రూపములు పేర్లతో సహా చిత్రింపబడెను. వారి ప్రక్క హెరాడ్ నిలిచియుండెను. 1195లో ఆమె పరమపదించెను.

ఆ గ్రంథము మఠమున శతాబ్దములు భద్రముగా నుండెను. 1546లో మఠము దగ్ధమైనప్పుడును అది దక్కెను. పెక్కు చేతులు మారి, ఫ్రెంచి విప్లవానంతరము స్ట్రాస్‌బుర్గ్ నగర గ్రంథాలయమునకు చేరెను. మరింత క్షేమమైన చోటు వేరొండు గలదా యని యెల్లరు తలచియుందురు. కాని 1870 ఆగస్టు 24 రాత్రి ప్రష్యా సేనల ఫిరంగిగుండ్లకు ఆ గ్రంథాలయము లక్షలాది పుస్తకములతో భస్మమయ్యెను. ఆనందోద్యానమునకు రెండవ ప్రతి లేదు.

అయినను అది పూర్తిగా నశింపలేదు. ఎంగెల్‌హార్ట్ అను పండితుడు కొన్ని బొమ్మలకు నకళ్లు తీసి 1818లో ప్రకటించియుండెను. తరువాత బస్టార్ ప్రభువు మరికొన్నిటిని వ్రాయించెను. చెదరియున్న ఆ నకళ్లను స్ట్రౌబ్, కెల్లర్ అను మతాచార్యులు 1879 మొదలుకొని 1899 వరకు సంపుటములుగా ప్రకటించిరి. 1979లో లండనులోని వార్‌బర్గ్ సంస్థ మూలమును సాధ్యమైనంత పునర్నిర్మించి అచ్చువేసెను. నకలు దొరకని బొమ్మలు మాత్రము ఇక మనకు కానరావు.

హెరాడ్ పదిమందికొరకు తేనె గూర్చెను. ఆ పట్టు కాలిపోయినను, మునుపే దానిని రుచిచూచి పంచిపెట్టినవారివలన కొంత తేనె మిగిలెను. గ్రంథమును బీరువాలో దాచుట రక్షణలో సగమే. దానిని చదివి, వ్రాసికొని, ఇతరులకు అందించుటయే మిగిలిన సగము. మన గ్రంథాలయమున పుస్తకము తీసికొను ప్రతి పాఠకుడును ఈ రెండవ సగమును నెరవేర్చుచున్నాడు.